మూడు నంబర్ల శశికళ

కేసముద్రం, 27-9-2011

జిల్లా వైద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్య శశికళకు పెన్సిలిన్ సూది పడదని మూడు దవాఖానలకు తెలిసియుండియు, ఒకదాని మాట మరొకటి నమ్మకపోవుట గురించి.

కేసముద్రంలో ధాన్యం వ్యాపారినగు జగపతి విన్నవించుకొనునది:

1. సదరు సూదికి నా భార్య జనగామలో చెల్లెలింట ఒకసారి, భూపాలపల్లిలో పుట్టింట ఒకసారి, మహబూబాబాద్‌లో ఒకసారి స్పృహ తప్పి, చావు తప్పించుకొన్నది. జనగామ చిట్టీ చూపితే భూపాలపల్లిలో "గిది మా కాయితం కాదు" అన్నారు. మహబూబాబాద్‌లో రెండు చిట్టీలు చూపినను అదే జవాబు.

2. ఈ మందుపై పరిశోధన చేయు డాక్టరొకరు మూడు దవాఖానల లెక్కలు తెప్పించుకొని ఆమెకు ఉత్తరం వ్రాసిరి. "మీవంటి మరి ఇద్దరు స్త్రీలు ఈ జిల్లాలో కలరు" అని అందులో ఉన్నది. "పాపం, ఆళ్లెట్ల ఉన్నరో, ఒక్కపారి మాట్లాడాలె" అన్నది శశికళ. మరునాడు ఆ ఇద్దరి ఉత్తరాలు కూడా శశికళ పేరనే, మిగిలిన రెండు దవాఖానల రోగి నంబర్లతో మా ఇంటికే వచ్చినవి. తనకు తోడెవరూ లేరని తెలిసి ఏడ్చినది.

3. శుక్రవారం మహబూబాబాద్‌లోనే ఆమెకు కడుపులో రాళ్ల ఆపరేషన్. మళ్లీ కొత్త నంబరు ఇచ్చిరి. ఆ దవాఖానలోనే వ్రాసిన పాత కాగితం చూపనిదే పెన్సిలిన్ టెస్టు సూది తప్పదట. పాత కాగితాలున్న గది తాళంచెవి దవాఖాన గుమాస్తా వీరయ్య వద్ద ఉన్నది. వీరయ్య సకల జనుల సమ్మె టెంటులో ఉన్నాడు. దుకాణం మూసి నేనూ అక్కడే కూర్చుంటున్నాను. "గది తెరిస్తె సమ్మె ఇడిసినట్టే గద సేటు, మీరే చెప్పుండ్రి" అన్నాడు. ఇంటికి పోతే శశికళ, "రాష్ట్రం ఏరు గావాలె, దవాఖానలు గలువాలె. మీ టెంటుల గిది ఎవ్వలడగరా?" అన్నది.

4. కావున మనిషికి ఒకే నంబరు ఇప్పించి, ఒకచోట వ్రాసినది అంతటా చెల్లునట్లును, పరిశోధనకు పేర్లు లేకుండా సరియైన లెక్క పోవునట్లును ఉత్తర్వులు ఇప్పించగలరు. అది ఆలస్యమగునేని, ముందు ఈ శుక్రవారం సూది ఆపుటకు ఒక్క ముక్క వ్రాసి ఇవ్వండి. నాకు భయంగా ఉన్నది. ఈసారి ఆమె లేవదేమో. దయతో చిత్తగించవలెను.

ముగ్గురు శశికళలకు ఒక్కడే మొగుడైన
తమ విధేయుడు
జగపతి

తా.క.: నిన్న శశికళ పచ్చబొట్లు పొడిచే సుక్కిని పిలిపించి, ఎడమచేతిపై "పెన్సిలిన్ పడదు" అని పొడిపించుకొన్నది. చెయ్యి ఏ దవాఖానకైనా తనతో వస్తుంది గదా అని ఆమె ధైర్యం. నేడు ఆపరేషన్ చేయు డాక్టరు గారికి చూపినాము. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని ఆసాంతం చదివి, "గిది ఏ దవాఖానల పొడిపిచ్చుకున్నరమ్మా?" అని అడిగినారు.