టిన్ బిషప్ అభిమానుల సంఘం, గున్సాన్ శాఖ

ఆగస్టు 19, సోమవారం

138/86. ఆరోగ్య కేంద్రం నర్సు ఈ పుస్తకం ఇచ్చింది. రోజూ పొద్దున్నే బీపీ చూసుకుని రాయాలట. పెరిగితే కారణం కూడా రాయాలట. కారణానికి అరంగుళం ఖాళీ వదిలారు. అరవై ఏడేళ్ళదాన్ని, నా కారణాలు అరంగుళంలో ఎక్కడ పడతాయి? వెనక తెల్ల పేజీలు వాడుకుంటాను.

ఆగస్టు 21, బుధవారం

156/92. కారణం: టిన్ బిషప్ వస్తున్నారు.

ఇంగ్లండు రాక్ బ్యాండ్, మా కొరియాకి, ఇంచొన్‌కి. సెప్టెంబరు 28, శనివారం. ఇదే ఆఖరి టూరట. నలుగురిలో ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరికీ కలిపి నూట యాభై ఆరేళ్ళు. టీవీలో చూపిస్తుంటే చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. పొయ్యి మీద పులుసు మాడింది. మా ఆయన వాసన పట్టి వచ్చి, ఎవరైనా పోయారా అని అడిగాడు.

అదే రోజు, సాయంత్రం

ఆగలేక మళ్ళీ రాస్తున్నాను.

పదిహేడేళ్ళు నాకు. బాలికల హైస్కూలు ఎదురుగా బన్నుల కొట్టు ఉండేది. వెనక గదిలో అద్దాల పెట్టె, అందులో ఓనరు కొడుకు కూర్చుని రికార్డులు వేసేవాడు. చీటీ మీద పాట పేరు రాసిస్తే వేసేవాడు. నాకు పాటల పేర్లు ఏం తెలుసు? ‘ఏదైనా గట్టిది’ అని రాశాను. వేశాడు. నోట్లో ఉన్న బన్ను మింగడం మర్చిపోయాను. సరిగ్గా అప్పుడే మా డిసిప్లిన్ టీచర్ లోపలికొచ్చింది, అందరం బల్లల కింద దూరాం. టిన్ బిషప్‌ని నేను మొదటిసారి పూర్తిగా విన్నది బల్ల కింద, ఆవిడ నల్ల చెప్పులు చూస్తూ.

వారం తిరక్కుండా ఐదుగురం కలిసి అమెరికా ఎయిర్‌బేస్ వెనక సందులో దొంగ రికార్డు కొన్నాం. అప్పడంలా పల్చగా ఉండేది. అట్ట మీద బొమ్మ ఒకటే రంగులో అలికినట్టు పడింది. ఎడమ చివర పొడుగ్గా నిలబడ్డవాడు నావాడని ఆ రోజే ప్రకటించేశాను. రెండేళ్ళ తర్వాత అసలు ఫొటో చూస్తే తెలిసింది, అది మైకు స్టాండుకి తగిలించిన కోటు.

రికార్డు ప్లేయర్ మాలో గ్యేసన్ వాళ్ళింట్లో ఉండేది. వాళ్ళ నాన్న పోలీసు. అందుకని జూలై ఎండలో, బొంత కప్పుకుని, ప్లేయర్‌తో సహా ఐదుగురం అందులో దూరి వినేవాళ్ళం. రెండోవైపు ఆఖరి పాట ఏడు నిమిషాలు. మొదటిసారి అది విన్నప్పుడు ఏడ్చాను. చెమటలో కన్నీళ్ళు ఎవరికీ కనపడలేదు. నా జీవితంలో దానికి మించిన పాట లేదు. పెళ్ళిచూపుల ముందు అదే విన్నాను, పురుడు పోసుకోవడానికి వెళ్తూ అదే పాడుకున్నాను, అమ్మ పోయిన మర్నాడు కూడా అదే పెట్టుకుని కూర్చున్నాను.

అలా పుట్టింది సంఘం. ఆ ఐదుగురిలో ఇప్పుడు మిగిలింది నేను, గ్యేసన్, ఓక్‌బున్. ప్రెసిడెంట్‌ని నేనే. ఎన్నికలు పెట్టలేదు, అవసరం రాలేదు.

ఆగస్టు 25, ఆదివారం

ఊరి ఆడవాళ్ళందరం కలిసి స్నానం చేసే స్నానాల కొట్టులో ఓక్‌బున్‌కి చెప్పాను. యాభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం ఒకరి వీపు ఒకరం రుద్దుకుంటున్నాం. బజార్లో ఎండుచేపల కొట్టు దానిది, చేతులు ఉప్పుకి రాటుదేలిపోయాయి, అందుకని రుద్దడంలో దానికి సాటిలేదు. అది ఆ ఆఖరి పాట పాడతారా అని అడిగింది. పాడకుండా ఎలా పోతారన్నాను. రెండు టికెట్లు తీసుకున్నాం. జొన్జులో ఉన్న గ్యేసన్ని కూడా పిలిచాం. తనకి మోకాళ్ళు, చెవులు రెండూ పోయాయట, రాలేను, మనసు మాత్రం మీతో పంపిస్తానంది.

ఆ పాట ఊసు ఓక్‌బున్ తనంతట తాను ఎత్తడం ఆశ్చర్యమే. ఎందుకో రాయాలి, లేకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు.

1974 ఆగస్టులో బొంతలోంచి తల బయటపెట్టి ఓక్‌బున్ అంది, ఈ ఏడు నిమిషాల పాట పాడినవాడు వేరే మనిషి అని. గొంతు వేరు, డ్రమ్ము వేరు, అసలు బ్యాండే వేరంది. నాకు ఒళ్ళు మండింది. అక్కడికక్కడే ఓటింగు పెట్టాను. నలుగురం ఒకవైపు, అదొక్కతీ ఒకవైపు. చెవుల్లేనిదానికి సంఘంలో చోటు లేదని తీసేశాను. పదకొండో రోజున క్షమాపణ కాగితం పట్టుకొచ్చింది: ఆ గొంతు ఆయనదే, నా చెవులదే తప్పు. చేర్చుకున్నాను. దొడ్డ మనసు నాది.

తర్వాత ఇరవై ఏడేళ్ళకి మా అబ్బాయి సీడీ కొనిచ్చాడు. అందులో ఆ పాట లేదు. పాట కోసేశారని కంపెనీకి ఉత్తరం రాసి కడిగేశాను. జవాబు రాలేదు. సిగ్గుపడి ఉంటారనుకున్నాను.

ఆగస్టు 30, శుక్రవారం

171/98. కారణం: మా ఆయన.

ఓడరేవులో క్రేన్ నడిపిన మనిషి. రిటైరయ్యాక సీనియర్ల సెంటర్‌లో స్మార్ట్‌ఫోన్ క్లాసుకి పోతున్నాడు. అప్పట్నుంచి కనపడ్డ ప్రతిదానికీ ఫోన్ చూపించి అదేంటో చెప్తాడు. మా పెరటి కలుపు మొక్కకి పేరు చెప్పాడు. నా మొహానికి చూపిస్తే డెబ్బై మూడేళ్ళని చెప్పింది, ఆ రాత్రి అన్నం పెట్టలేదు.

ఇవాళ పాత రికార్డు తీసి, ఆయన బాగుచేసిన ప్లేయర్ మీద పెట్టాను. ఏడు నిమిషాల పాట మొదలైంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఈయన పక్కన ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు, మొహం వెలిగిపోతోంది. పాటని గుర్తుపట్టే యాప్ అట. సాల్ట్ మిల్ అట. డెన్మార్కు వాళ్ళట. ఒక్క రికార్డు చేసి విడిపోయారట.

మళ్ళీ పెట్టమన్నాను. మళ్ళీ సాల్ట్ మిల్. సూది మొదటి పాటకి జరిపాను. టిన్ బిషప్. ఆఖరిదానికి జరిపాను. సాల్ట్ మిల్. కాపీ కొట్టినవాడు చివర ఖాళీ మిగిలిందని చేతికందింది అతికించేశాడన్నమాట.

ఓక్‌బున్ అప్పట్లోనే చెప్పిందిగా అన్నాడు మా ఆయన. ఈ మనిషికి పెళ్ళిరోజు గుర్తుండదు, ఇది గుర్తుంది.

సెప్టెంబరు 1, ఆదివారం

చెప్పలేదు. వీపు రుద్దించుకుని వచ్చాను.

సెప్టెంబరు 4

ఆలోచించాను. దానికి తెలియాల్సిన అవసరం ఏముంది? కచేరీలో పాడకపోతే ముసలాళ్ళు మర్చిపోయారనుకుంటుంది. మా ఆయన నోరు ఒక్కటీ కట్టేస్తే చాలు. ఆయనకి వేయించిన ఆక్టోపస్ చేసిపెట్టాను. తిన్నాడు. తిని, రేపు కూడా చేస్తావా అన్నాడు.

సెప్టెంబరు 8, ఆదివారం

గ్యేసన్ పుట్టినరోజు. జొన్జు వెళ్ళి ముగ్గురం భోంచేసి, డబ్బులు కట్టి మైకులో పాడుకునే పాటల గదికి పోయాం. గ్యేసన్ పాడింది, నేను పాడాను, గ్యేసన్ మళ్ళీ పాడింది. ఓక్‌బున్ పాడకుండా టాంబూరిన్, ఆ చిన్న గజ్జెల డప్పు, వాయించింది. మైకు ఇస్తే చెయ్యూపి, నాకు చెవుల్లేవుగా అని నవ్వింది.

ఎప్పుడూ ఇంతే. దాని కొడుకు పెళ్ళిలో టాంబూరిన్. నా షష్టిపూర్తికి టాంబూరిన్. హైస్కూల్లో మొదటి రెండేళ్ళూ క్వయర్‌లో ముందు వరసలో నిలబడ్డ పిల్ల, మూడో ఏడు చేరలేదు. బద్ధకం అనుకున్నాం. మ్యూజిక్ టీచర్ ట్రైనింగుకి దరఖాస్తు తెచ్చుకుని కూడా పంపలేదు. చేపల కొట్టులో కూర్చుంది. నేను ఇవాళ దాని చేతిలో ఆ టాంబూరిన్ చూస్తూ కూర్చున్నాను, నా వంతు వచ్చినా లేవలేదు.

బస్సులో నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. పాపిష్టిదాన్ని నేను. చెప్పేయాలి.

సెప్టెంబరు 15, ఆదివారం

నోరు తెరిచాను. నోట్లోకి సబ్బు నీళ్ళు పోయాయి. దేవుడే ఆపాడు అనుకుని మూసుకున్నాను.

సెప్టెంబరు 17, చుసొక్, పంటల పండగ

రోజంతా అట్లు వేస్తూనే ఉన్నాను. ఎవరితోనూ మాట్లాడే తీరిక లేదు. హమ్మయ్య.

సెప్టెంబరు 22, ఆదివారం

చెప్పాను.

బీపీ చూసుకోలేదు, చూసుకునే ధైర్యం లేదు. వేడినీళ్ళ తొట్టి పక్కన కూర్చున్నాం. అది నా వీపు రుద్దుతుంటే, మొహం కనపడదు గదా అని, గోడ కేసి చూస్తూ మొత్తం చెప్పేశాను. యాప్, డెన్మార్కు, సాల్ట్ మిల్, ఆక్టోపస్. మూడు వారాలుగా దాచానని కూడా చెప్పాను. నువ్వు చెప్పిందే రైటు, నేనే చెవిటిదాన్ని అన్నాను.

చెయ్యి ఆగిపోయింది.  పక్క తొట్టిలో ఇద్దరు ఆడవాళ్ళు కూడా మాటలు ఆపి వింటున్నారు, సిగ్గులేని మొహాలు.

అప్పుడంది: “యాభై ఏళ్ళు టాంబూరిన్ వాయించానే, పిల్‌నామ్.”

అరిచి ఉంటే బాగుండేది. మామూలుగా అంది, చేపల ధర చెప్పినట్టు. తర్వాత నా వీపు మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది. ఎంత గట్టిగా రుద్దిందంటే తోలు ఊడివస్తుందనుకున్నాను.  నీళ్ళు పోసింది, లేచింది, స్నానం అయ్యాక ఎప్పుడూ తినే కాల్చిన గుడ్డు కూడా తినకుండా వెళ్ళిపోయింది. గుడ్లు రెండూ నేనే తిన్నాను. 

సెప్టెంబరు 23, సోమవారం

పొద్దున్నే ఆరున్నరకి ఫోన్. ఓక్‌బున్. పలకరింపు లేదు. సంఘం అత్యవసర సమావేశమంది, గ్యేసన్ని కూడా లైన్లో కలిపింది. ప్రెసిడెంట్ తప్పుడు పాట మీద అమాయకురాలైన సభ్యురాలిని తీసేసింది గనక ప్రెసిడెంట్‌ని తీసేయాలని ప్రతిపాదించింది. గ్యేసన్ వెంటనే సరేనంది.  డెబ్బై నాలుగులో నువ్వు కూడా దానికి వ్యతిరేకంగానే ఓటేశావుగదే అని అడిగాను. అప్పట్లో నిన్ను చూస్తే భయమేసేది అంది గ్యేసన్. ఇప్పుడు వెయ్యదట.

ఎన్నాళ్ళని అడిగాను. పదకొండు రోజులంది ఓక్‌బున్. లెక్కపెట్టాను. కచేరీ ఆరో రోజున పడుతోంది.

సంఘం రాజ్యాంగం ప్రకారం తీసేసిన సభ్యులు సంఘంతో కలిసి కచేరీకి రాకూడదట. ఆ రాజ్యాంగం రాసింది నేనే.

సెప్టెంబరు 26

నా టికెట్ మా ఆయనకి ఇచ్చేశాను. పాటంటే గిట్టని మనిషి. కొత్త చొక్కా కొనుక్కున్నాడు.

సెప్టెంబరు 28, శనివారం, మధ్యాహ్నం 1

మా ఆయన, ఓక్‌బున్ బస్సెక్కారు. ఓక్‌బున్ పెదాలకి రంగు వేసుకుంది. నాకేసి చూసి తల ఊపింది, పరాయివాళ్ళకి ఊపినట్టు.

సాయంత్రం 6

కిమ్చి డబ్బాలన్నీ కడిగాను. మూతలు కూడా.

7.10

ఇప్పుడు మొదలై ఉంటుంది. కిటికీలు తుడుస్తున్నాను. యాభై ఏళ్ళు ఎదురుచూసినదాన్ని, నేను కిటికీలు తుడుస్తున్నాను. కోపం రావాలి. రావడం లేదు. ఓక్‌బున్ అక్కడ ఉందన్న సంగతే పదేపదే గుర్తొస్తోంది.

సెప్టెంబరు 29, ఆదివారం

మా ఆయన మధ్యాహ్నందాకా పడుకుని లేచి వివరాలు చెప్పాడు. ఈయన దగ్గర సమాచారం లాగడం బావిలోంచి బొక్కెన తోడినట్టే. కుర్చీలు బాగున్నాయట. టాయిలెట్ దగ్గర క్యూ పెద్దదట. పాటల సంగతి చెప్పవయ్యా మగడా అంటే, ఆ ముసలాళ్ళిద్దరూ నిలబడే వాయించారు, అంతే అన్నాడు.

కొత్త చొక్కా మడత పెడుతూ, ఓక్‌బున్ పాడింది అన్నాడు.

మొదటి పాటకి పెదాలు కదిపిందట. రెండోదానికి కొంచెం గొంతు వచ్చిందట. నాలుగో పాటకల్లా లేచి నిలబడిందట. ఒక్కచోట కూడా శ్రుతి తప్పలేదట. ముందు వరసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూశారట, ఎవరో స్టేజీ మీద మనిషి అనుకుని. క్రేన్ నడిపిన మనిషి, నలభై రెండేళ్ళలో నా వంటని కూడా ఒక్కసారి మెచ్చుకోలేదు. ఈయన ఫోన్ తీసి దాని గొంతుకి చూపిస్తే, ఏమీ గుర్తుపట్టలేకపోయిందట.

స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. సంతోషంతోనా, సిగ్గుతోనా, తెలియదు. రెండూ కలిసే వచ్చాయి.

అక్టోబరు 1

క్షమాపణ కాగితం కొట్టుకి తీసుకెళ్ళి ఇచ్చాను. చేపల మధ్య నిలబడి చదివింది. ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగిచ్చింది. ‘బహుశా’ తీసెయ్యాలట. ‘అప్పటి పరిస్థితుల్లో’ తీసెయ్యాలట. ‘దొడ్డ మనసుతో క్షమిస్తావని’ అన్నచోట దొడ్డ మనసు అక్కర్లేదట. మిగిలింది ఒక్క వాక్యం.

అక్టోబరు 2

ఆ ఒక్క వాక్యం రాయడానికి పొద్దుణ్ణించి కూర్చున్నాను. నీ చెవులు రైటు, నేను నీ నోరు మూయించాను. ఇంతే.

అక్టోబరు 3, గురువారం

చేర్చుకున్నారు. మామూలు మెంబరుగా. ప్రెసిడెంట్ ఓక్‌బున్.

కొత్త ప్రెసిడెంట్ మొదటి తీర్మానం: ఏడు నిమిషాల పాట ప్రపంచంలో ఎవరిదైనా, గున్సాన్‌లో మాత్రం టిన్ బిషప్‌దే. ముగ్గురం చేతులెత్తాం. గ్యేసన్ ఫోన్‌లో ఎత్తింది.