మూడున్నరకి స్కూలు వదుల్తారు

11 నవంబర్ 2024, సోమవారం

ఎబినేజర్ ఆటో అమ్మేశాడు. మస్కట్ వీసా వచ్చిందట. నెలాఖరుదాకా పిల్లల్ని తిప్పుతానన్నవాడు, రేపట్నుంచి రానండీ అని ఇవాళ పొద్దున్న గేటు దగ్గర చెప్పి చక్కా పోయాడు. ఆ ఆటోలో వెళ్లే మిగతా పిల్లలకి ఇంట్లో అమ్మలో మామ్మలో ఉన్నారు. మా యశ్వితకి నేనున్నాను. నేను సాయంత్రం ఆరుదాకా మెడికల్ షాపులో ఉంటాను.

మా అమ్మ ఉన్నన్నాళ్లూ స్కూలు ఎన్నింటికి వదుల్తారో కూడా నాకు తెలీదు. వేసవిలో అమ్మ పోయింది. అప్పట్నుంచి ఎబినేజర్ దింపి వెళ్లేవాడు, పక్కింటి వాళ్లు ఓ కంట కనిపెట్టేవాళ్లు. ఒకటో క్లాసు పిల్లని రోడ్డు మీద నడిపించలేను కదా.

మా ఆవిడ రమ్యశ్రీ కువైట్‌లో ఎవరి పిల్లల్నో స్కూలు నుంచి తెచ్చి, ఎవరి గదుల్నో తుడుస్తోంది. ఇక్కడ మా పిల్లని తెచ్చి మా గదులు తుడవడానికి ఒక మనిషి కావాలి. తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వే ఓపిక లేదు.

14 నవంబర్

ప్రకాశరావు గారు రోజూ మధ్యాహ్నం కాసేపు వదుల్తున్నారు. ఈ వారమే వీరబాబూ, తర్వాత నీ ఏర్పాటు నువ్వు చూసుకో అన్నారు. ఓనరు అంతకంటే ఏం చేస్తారు.

పనికి ఒకావిడ వచ్చి ఇల్లంతా చూసింది. బాగుందండి అంది. అమ్మగారెక్కడండీ అంది. కువైట్ అన్నాను. ఆడమనిషి లేని ఇంటికి రాలేనండి, మా ఆయన ఒప్పుకోరు అని చెప్పులేసుకుంది. ఇంకొకావిడ గుమ్మం కూడా ఎక్కలేదు. పని నేను ఇంట్లో లేనప్పుడేనమ్మా అని ఎంత మొత్తుకున్నా వినదే! వెళ్లాక అద్దంలో నా మొహం చూసుకున్నాను. నిద్ర లేదు, అంతకుమించి ఏమీ లేదు.

15 నవంబర్, శుక్రవారం

రమ్యకి ఇవాళ సెలవు. వీడియో కాల్‌లో అన్నీ చెప్పాను. మనిషి దొరక్కపోతే మార్చిలో కాంట్రాక్ట్ అవగానే వచ్చేస్తానండీ, పాపకంటే ఏది ఎక్కువ అంది.

పైకి, నువ్వు కంగారు పడకు, దొరుకుతుందిలే అన్నాను. లోపల ఎవరూ దొరక్కూడదని అనుకున్నాను.

20 నవంబర్

దొరికింది.

పేరు చిన్నమ్మలు. మామిడికుదురు నుంచి కోడలితో పాటు ఇక్కడికి వచ్చేసిందట. యాభై దాటి ఉంటాయి. రొయ్యల కంపెనీలో తొక్క తీసేవారు. ఐసు నీళ్లలో వేళ్లు పాడై మానేశారు. ఆడమనిషి లేరని ముందే చెప్పేశాను. మీరు వచ్చే టైముకి నేను గుమ్మం దిగిపోతానండి, ఇంక అనేవాళ్లేమంటారండి అన్నారు. ఇంటి తాళం షాపులోనే తీసుకుంటారట. యశ్విత అప్పుడే మామ్మా అని పిలిచేసింది.

22 నవంబర్, శుక్రవారం

రమ్య ఆవిడ్ని వీడియోలో చూస్తానంది. చూసింది. గోళ్లు చూపించమంది. పని మధ్యలో ఫోన్ మాట్లాడతారా అంది. పాపని ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుంటారా అంది. చిన్నమ్మలు గారు అన్నిటికీ ఆయ్, ఆయ్ అంటూ రెండు చేతులూ ఫోన్ ముందు పెట్టి తిప్పి చూపించారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత అడిగాను, అవేం ప్రశ్నలని. ఇక్కడ మేడమ్ నన్నూ ఇవే అడిగిందండి, మనిషిని పెట్టుకునేటప్పుడు ఇవే అడుగుతారనుకున్నాను అంది.

9 డిసెంబర్

ఫ్యాన్ రెక్కల అసలు రంగు తెలుపట.

18 డిసెంబర్

ఆరు దాటి ఇంటికి వస్తే యశ్విత రెండు జడలతో హోంవర్క్ చేసుకుంటూ ఉంటుంది. ఇల్లు ఫినాయిల్ వాసన. చిన్నమ్మలు గారు గొడుగు తీసుకుని, పాప అన్నం తినేసిందండి, వస్తానండి అని దిగిపోతారు. నేను కుర్చీలో కూలబడతాను. చేయడానికి పనేమీ ఉండదు. ఒళ్లు మాత్రం బరువుగా ఉంటుంది. రమ్య లేదని ఇంత తీరుబడిగా ఎప్పుడూ తెలియలేదు.

24 జనవరి 2025, శుక్రవారం

రమ్య మంచి వార్త అంది. మేడమ్ ఇంకో రెండేళ్లు ఉండమందట. ఇల్లు ఇంత బాగా నడుస్తోంది కదండీ, మేడ మీద గదులు కూడా పూర్తి చేసేసుకుని ఒకేసారి వచ్చేస్తాను అంది. యశ్విత జడలు చూసి ఎంత మురిసిపోయిందో.

వచ్చెయ్ రమ్యా, నాకు చేతకావడం లేదు అని నోటిదాకా వచ్చింది. మగాడినై ఉండి అదెలా అంటాను?

27 జనవరి

రమ్యకి చెప్పేశాను. చిన్నమ్మలు గారు ఫోన్ మాట్లాడుకుంటూ పాపని గేటు దగ్గర వదిలేశారని, వాచ్‌మన్ కూర్చోబెట్టాడని, నాకు ఫోన్ వచ్చి పరుగెత్తానని. ఒక్క ముక్క నిజం కాదు. ఆవిడ స్కూలు వదలకముందే వెళ్లి గేటు బయట గొడుగేసుకుని నిలబడతారు.

రమ్య ఏడ్చింది. ఇంక వచ్చేస్తుంది అనుకున్నాను.

28 జనవరి

ఇంటికి రాగానే యశ్విత చెప్పింది. అమ్మ ఫోన్ చేసి మామ్మని తిట్టిందట. మామ్మ చీపురు పట్టుకుని అలాగే నిల్చుందట. ఎందుకు తిట్టింది నాన్నా అంది.

రాత్రికి పప్పు చారు పెడదామా అన్నాను.

29 జనవరి

చిన్నమ్మలు గారు తాళం తెచ్చి షాపు కౌంటర్ మీద పెట్టారు. నేనెప్పుడు ఆలస్యంగా వెళ్లేనండి, మీరే చెప్పండి అన్నారు. ఇద్దరు కస్టమర్లున్నారు. నేను బీపీ బిళ్లల స్ట్రిప్ కత్తిరిస్తూ ఉండిపోయాను. కాసేపు చూసి, పాపకి దగ్గు తగ్గలేదండి, చల్లనీళ్లు ఇవ్వకండి అని వెళ్లిపోయారు.

6 ఫిబ్రవరి

మూడున్నరకి నేనే వెళ్లి తెస్తున్నాను. యశ్విత షాపులో అట్టపెట్టెల మీద కూర్చుని బొమ్మలేసుకుంటోంది. మందుల మధ్య పసిపిల్లేంటయ్యా అని ప్రకాశరావు గారు రెండుసార్లన్నారు. ఇవాళ అక్కడే నిద్రపోయింది. భుజాన వేసుకుని నడిచాను.

14 ఫిబ్రవరి, శుక్రవారం

రమ్య రావడం లేదు. కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేసిందట. పనివాళ్లని నమ్మి లాభం లేదండి, పాపని ముమ్మిడివరంలో మా అమ్మ దగ్గర పెట్టేద్దాం, అక్కడి స్కూల్లో కూడా మాట్లాడేశాం అంది. దొరక్కపోతే వచ్చేస్తానన్నావు కదా అన్నాను. అప్పటికి అమ్మ ఒప్పుకోలేదండి, ఇప్పుడు ఒప్పుకుంది అంది.

ఇంక ఆగలేక నిజం చెప్పేశాను. గేటు లేదు, వాచ్‌మన్ లేడు, అంతా నేను కల్పించానని. నువ్వొస్తావని చేశానని.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నన్నిక్కడ అనే మాటలన్నీ ఆవిడ్ని అన్నానండీ అంది. దొంగ, బద్ధకం, జంతువు, అన్నీ. ఆవిడ ఒక్క మాట ఎదురు చెప్పలేదట. నేనూ చెప్పనండి ఇక్కడ, అంది. ఫోన్ పెట్టేసింది.

16 ఫిబ్రవరి, ఆదివారం

యశ్వితని తీసుకుని చిన్నమ్మలు గారింటికి వెళ్లాను. తప్పు నాదేనని కోడలి ఎదురుగానే చెప్పాను. రమ్యకి కూడా చెప్పేశానన్నాను. మళ్లీ రమ్మన్నాను. బతిమాలాను. మీరు వస్తే పాప నా దగ్గరే ఉంటుందన్నాను.

ఆవిడ పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వారు. కాఫీ ఇచ్చారు. రావాలనే ఉందండి అన్నారు. రేపు నిజంగానే పిల్ల పడిందనుకోండి, దెబ్బ తగిలిందనుకోండి, నేను చెప్పింది ఎవరు నమ్ముతారండి అన్నారు. కోపంగా కాదు. నన్నే సలహా అడుగుతున్నట్టు అడిగారు. కాఫీ తాగేసి వచ్చాను.

24 ఏప్రిల్

పరీక్షలైపోయాయి. అత్తగారు వచ్చి యశ్వితని తీసుకెళ్లారు. సంచీలు బస్సెక్కించాను. కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఏడవలేదు. సెలవులకి వెళ్తున్నాననుకుంటోంది. నేనే అలా చెప్పాను.

12 జూన్

స్కూళ్లు తెరిచారు. మూడున్నరకి షాపులోంచి లేచి చెప్పులేసుకున్నాను. ప్రకాశరావు గారు ఎక్కడికని అడిగితే, టీకి అన్నాను.

20 జూన్, శుక్రవారం

వీడియో కాల్‌లో ముగ్గురం మూడు గళ్లలో. యశ్విత కొత్త బ్యాగు చూపించింది. నాన్నా, నువ్వెప్పుడొస్తావు అంది. ఇన్నాళ్లూ వాళ్లమ్మని అడిగే మాట. రమ్య తల దించుకుంది.

ఈ ఆదివారమే వస్తానమ్మా అన్నాను. ఆదివారం షాపులో స్టాకు లెక్క. సెలవు దొరకదని తెలిసే అన్నాను.