టీవీకి నెట్ వచ్చిన సాయంత్రం

నాగశివకు మీ వదిన రాస్తున్నది.

ఫోన్‌లో అయితే మధ్యలో పెట్టేస్తావని, ఈ ఉత్తరం రేపల్లె చేపల మార్కెట్‌కి వచ్చే రత్తాలు పిన్ని చేతికిచ్చి పంపుతున్నాను.

మన పాత టీవీలో సినిమాలు రావాలని మీ అన్న తెనాలి నుంచి ఒక స్టిక్కు తెచ్చి వెనకాల తగిలించాడు కదా. ఇంట్లో వేరే నెట్ లేదు. మీ అన్న ఫోన్‌లోని నెట్‌తోనే, ఆ ఫోన్ దగ్గరుంటేనే అది ఆడేది. అందుకే ఆ ఫోన్‌లో హాట్‌స్పాట్ ఎప్పుడూ ఆపేవాడు కాదు.

మీరిద్దరూ సముద్రం మీద వేటకెళ్లి నువ్వొక్కడివే తిరిగొచ్చిన దగ్గర్నుంచి, టీవీ పెడితే నెట్ లేదనే చూపిస్తోంది. అయినా అత్త రోజూ పెట్టుకుని దాని ముందే కూర్చుంటోంది.

మొన్న సాయంత్రం నువ్వొచ్చి ఆమె పక్కన కూర్చున్నావు. నేను టీ తెచ్చేసరికి టీవీలో బొమ్మలు వచ్చేశాయి. మీ అన్న సగంలో వదిలేసిన సినిమా కనిపిస్తే అత్త దాన్నే నొక్కింది. "అన్న చూస్తా చూస్తా ఆపేసిందేరా ఇది" అని నీకు చూపించింది. నువ్వు టీ తాగకుండానే లేచావు. నీ బండి వీధి మలుపు తిరిగిందో లేదో, సినిమా ఆగిపోయింది.

"అన్న జారి పడ్డాడు వదినా, ఫోన్ కూడా జేబులోనే పోయింది" అని సూర్యలంక ఒడ్డున గంగమ్మ మీద ఒట్టేశావు. శవం దొరక్కపోయినా, నీ ఒట్టు నమ్మే పెద్దలు నా గాజులు తీయించారు. అన్న ఫోన్‌లో సిమ్ మార్చుకున్నావు గానీ, హాట్‌స్పాట్ ఆపడం మర్చిపోయావు నాగశివా.

పడవలో ఏం జరిగిందో నాకు తెలియదు. ఆదివారం ఆ ఫోన్ తీసుకుని రా. ఆ పూట నెట్ ఎలా వచ్చిందని అత్త అడుగుతూనే ఉంది. నేనేమీ చెప్పలేదు. కన్నతల్లికి నువ్వే చెప్పు.

మీ వదిన