ఎక్కువ తిరిగిన కిలోమీటర్లు

ఏప్రిల్ 6, 2021

పేషెంట్లను చేరవేసే మా తెలుగు సమాజం వ్యాన్ మళ్ళీ రోడ్డెక్కింది. వెనక యాక్సిల్ విరిగి ఈ రోగాల కాలంలోనే మూలన పడింది. ఖటోదరా గ్యారేజీలో ఒక లోడ్ బండి యాక్సిల్ దొరికితే అదే వేయించాను. గేర్ రేషియో వేరు కాబట్టి కిలోమీటర్ల మీటరు తప్పు చూపిస్తుందని, దానికో చిన్న గేరు తెప్పించి మార్చాలని మెకానిక్ అన్నాడు. పేషెంట్లు ఎదురుచూస్తుంటే మీటరు గొడవేంటి? తర్వాత చూద్దామన్నాను.

ఏప్రిల్ 19

డ్రైవర్ బిక్షపతి మీద అనుమానంగా ఉంది. మా పాండేసర గల్లీల నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి స్మశానానికి. రోజూ అదే దారి. మీటరు మాత్రం ఎక్కడెక్కడో తిరిగినట్టు చూపిస్తోంది. డీజిల్ సమాజానిది, సవారీలు ఎవరివో! సెక్రటరీని నేను. అడగక తప్పదు.

ఏప్రిల్ 20

అడిగాను. ఎటూ పోలేదన్నాడు. నలుగురి ముందూ గొంతు పెంచాను. ఆఫీసులో మార్కండేయుడి ఫొటో ముందు, కూతురు తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయమన్నాను. మంగను పిలిపించారు. చిన్నపిల్ల, జారిపోతున్న మాస్కు పట్టుకుని నిలబడింది. బిక్షపతి ఒట్టు వేశాడు. బండి తాళం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 24

మంగకు పాజిటివ్.

ఏప్రిల్ 26

దొంగ ఒట్టు పిల్లకు తగిలిందని గల్లీలో అనుకుంటున్నారు. నేను కాదనలేదు. చివరికి బిక్షపతి భార్య వినోద కూడా నిలదీసిందట, ఎటైనా పోయి ఉంటే ఇప్పుడైనా ఒప్పుకో, పిల్ల దక్కుతుందని. అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడట.

ఏప్రిల్ 27

గ్యారేజీ నుంచి ఫోన్. మీటరు గేరు వచ్చింది, బండి తెస్తారా అని.

ఏ గేరు అని రెండుసార్లు అడిగాను.

బండి తీసి హైవే మీద కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ నడిపాను. రాళ్ళ లెక్కన నాలుగు. మీటరు మీద ఐదు.

మెకానిక్ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. అతను చెప్పాడు, నేనే మరిచాను. బిక్షపతి అబద్ధమాడలేదు. ఆ పసిదాని తల మీద తండ్రి చెయ్యి పెట్టించింది నేను. అద్దంలో మొహం చూసుకోలేకపోయాను.

ఏప్రిల్ 28

గేరు మార్పించాను. నా బొటనవేలంత లేదు.

బిక్షపతి ఇంటి ముందు నిలబడి తప్పు మీటరుదనీ నాదనీ చెప్పాను. మెల్లగానే చెప్పాను. వినోద పరదా వెనక నుంచి, "జర గట్టిగ చెప్పు అన్నా. ఆ రోజు గట్టిగనే అడిగినవ్ గద, గల్లీల అందరు ఇననీ" అంది. మళ్ళీ చెప్పాను, అరిచి. తలుపులు తెరుచుకున్నాయి. బిక్షపతి మాత్రం బయటికి రాలేదు.

మే 15

మంగ లేచి తిరుగుతోంది. బిక్షపతి మళ్ళీ వ్యాన్ ఎక్కాడు. పేషెంట్ల కోసం వచ్చాడు, నా కోసం కాదు. సాయంత్రం మా ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. మీటరు చూసుకోమన్నాడు. అవసరం లేదని బతిమాలాను.

"చూస్కో అన్నా. ఇంకోపారి నా బిడ్డ తల మీద చెయ్యి పెట్ట నేను."

చూశాను.

జూన్ 3

రోజూలాగే హారన్ మోగుతోంది. చెప్పులు వేసుకుంటున్నాను.