మూడు గంటల గడి

నాన్నగారికి,

మీ పెద్దది నమస్కారాలతో రాస్తున్నది. ఒంట్లో నాకు బాగానే ఉంది, జలుబు తగ్గింది. మీరు, అమ్మ, చెల్లి కులాసాగా ఉన్నారని మీ ఉత్తరంలో చదివి స్థిమితపడ్డాను. మీ మోకాలి నొప్పి మళ్లీ ముదిరిన సంగతి మాత్రం మీరు దాచారు. అమ్మ ఫోన్‌లో చెప్పేసింది. ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటారేమో. ఫోన్ చేస్తే అమ్మ స్పీకరు పెడుతుంది, పక్కన మామయ్య చేరతాడు. ఇది మీరొక్కరే చదవాల్సింది. చదివాక ఇంట్లో చెప్పాలో వద్దో మీ ఇష్టం.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. గది బాగుంది, ముగ్గురం ఉంటున్నాం. కిటికీ తెరిస్తే పక్కనున్న బట్టలుతికే షాపు గోడ, ఆ గోడలోంచి బయటికొచ్చిన ఆవిరి గొట్టం. దాని పుణ్యమా అని గది వెచ్చగా ఉంటుంది. చలికోటు కొనొద్దు, ఇదివరకు ఇక్కడ చదివి వెళ్లినవాళ్లెవరో వదిలేసిన కోటు నాకు సరిపోయింది. మధ్యాహ్నం తిండి ల్యాబు వాళ్లదే, సాయంత్రం మాది. ఉప్పు ఎవరు వేశారో తెలియక ఇద్దరం వేసిన రోజులున్నాయి, ఎవరూ వేయని రోజులూ ఉన్నాయి.

జీతం సంగతి మామయ్య మళ్లీ అడిగాడని రాశారు. లేదనే చెప్పండి. ఆరు నెలల శిక్షణ, పరిశోధనలో చేతిసాయం, చివర ఒక సర్టిఫికెట్. మొదటినుంచీ మనం చెప్పింది అదే. "జీతం లేని కొలువు కోసం విమానం ఎక్కేవాళ్లని ఇప్పుడే చూస్తున్నా" అని ఆయన నలుగురి ముందూ అన్నప్పుడు, "మా పెద్దదాని చేతిరాత చూసి వాళ్లే పిలిచార్లే బావా" అని మీరు నా పరువు కాపాడారు. ఆ మాట ఈ వారమంతా నా చెవుల్లో తిరుగుతూనే ఉంది.

మేం ఎనిమిది మందిమి, అయిదు దేశాల వాళ్లం. ఆరు నెలలయ్యాక ఒక్కరిని మాత్రం ఇక్కడే ఉంచుకుని పైచదువు చెప్పిస్తారు. ఆ ఒక్కరూ నేనో, గడియారమో అవుతామని అందరూ అనుకునేవారు. గడియారం అంటే నాతోపాటు పనిచేసే కుర్రాడు. అసలు పేరు పలకడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఏడింటి డ్యూటీకి రెండు నిమిషాలు ముందే వస్తాడు, ఏడయ్యేదాకా గుమ్మం బయటే నిలబడతాడు. అందుకని ఆ పేరు పెట్టాం. అతనికి తండ్రి లేడు, బస్సు నడిపే అన్న చదివించాడు.

మా పని చేపల గదిలో. ఎనిమిది గాజు తొట్లు, ఒక్కోదానిలో నీళ్లు వేడిచేసే కడ్డీ, పక్కన ఒక థర్మామీటరు. నీళ్లు వేడెక్కితే చేపగుడ్లు ఎంతవరకు తట్టుకుంటాయో చూడటం ఇక్కడి పరిశోధన. రోజుకు మూడుసార్లు, తొమ్మిదికి, మూడింటికి, ఏడింటికి, అన్ని తొట్ల వేడీ చూసి రిజిస్టరులో రాసి సంతకం పెట్టాలి. రిజిస్టరు అనగానే మీరు నవ్వే ఉంటారు. నేనూ నవ్వుకున్నాను. ఇంత దూరం వచ్చినా నా నుదుటన ఉన్నది రిజిస్టరే.

మా పెద్దావిడను అందరం మేడమ్ అంటాం. రోజుకు నాలుగు మాటలు మాట్లాడుతుంది, అందులో రెండు చేపలతో. మొదటిరోజు మాత్రం మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పింది. "చూస్తే రాయండి. చూడకపోతే ఖాళీగా వదిలేయండి. ఖాళీ గడికి నేను ఎవర్నీ ఏమీ అనను." ఇదెక్కడి ఆఫీసురా బాబూ అనుకున్నాను. మీరు పనిచేసే మన ఊరి నీళ్ల పంపుహౌసులో రెండు గడులు ఖాళీగా ఉన్నందుకు మీకు మెమో ఇచ్చారు. నేను ఏడో తరగతిలో ఉన్నాను. మీరు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని చాలాసేపు కలుపుతూనే ఉన్నారు.

పోయిన వారం బుధవారం, సాయంత్రం ఏడు దాటి పది నిమిషాలకు గడియారం భోజనాల గదిలోకి పరిగెత్తుకొచ్చాడు. చేపల గది వైపు చెయ్యి చూపిస్తున్నాడు. అందరం లేచి వెళ్లాం. అయిదో తొట్టిలో నీళ్లు ముప్పై మూడు డిగ్రీలు. ఇరవై ఆరు ఉండాలి. రెండేళ్లుగా పెంచిన చేపలు మొదటిసారి పెట్టిన గుడ్లు అవి. గాజుపూసల్లా మెరవాల్సినవి సున్నం చుక్కల్లా తెల్లబడి అడుగున పడి ఉన్నాయి. మేడమ్ వాటిని చూసింది. గోడకు వేలాడుతున్న రిజిస్టరు తీసింది. మూడింటికి అయిదో తొట్టి, ఇరవై ఆరు పాయింట్ రెండు. పక్కన నా సంతకం.

అంటే మూడు తర్వాత జరిగినదే అన్నమాట. నాలుగింటికి అయిదో తొట్టి గాజు బయటినుంచి తుడిచింది గడియారం. కడ్డీ వేడి పెంచే మర సరిగ్గా మోచేతి ఎత్తులో ఉంటుంది. ఎవరూ ఒక్క మాట అనకముందే అతనే అన్నాడు, "నా మోచెయ్యే తగిలి ఉంటుంది."

సోమవారం కమిటీ కూర్చుంటుందనీ, అతన్ని పంపించేస్తారనీ మర్నాటికల్లా అందరికీ తెలిసిపోయింది. భోజనాల దగ్గర అతని పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మా గదిలో అమ్మాయి నా భుజం తట్టి "ఇంక సీటు నీదేలే" అంది. నేను కాదనలేదు.

శనివారం పొద్దున గడియారం నా దగ్గరకు వచ్చాడు. ఖాళీ తొట్టిలో నీళ్లు నింపి, మర పూర్తిగా తిప్పి, ఎంతసేపటికి ఎంత వేడెక్కుతుందో చూద్దామన్నాడు. తను చదువుతాడట, నన్ను రాయమన్నాడు. "నీ రాత శుభ్రంగా ఉంటుంది, కమిటీకి చూపించొచ్చు" అన్నాడు. కాదంటే అనుమానం వస్తుందని ఒప్పుకున్నాను. చూశారా, అప్పటికే నా బుద్ధి ఎలా పనిచేస్తోందో.

ఇరవై ఆరు పాయింట్ రెండుతో మొదలుపెట్టాం. గంటకు ఇరవై ఏడు పాయింట్ రెండు. రెండు గంటలకు ఇరవై ఎనిమిది పాయింట్ ఒకటి. అతను థర్మామీటరు మీంచి కళ్లు తీయడు, నేను కాగితం మీంచి తీయను. నాలుగో గంటకు ముప్పై. అతను కుర్చీలో వెనక్కి వాలి వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"నాలుగు గంటల్లో నాలుగు డిగ్రీలైనా రాలేదు. ముప్పై మూడు కావాలంటే ఏడు గంటలు పడుతుంది. అంటే మధ్యాహ్నం పన్నెండుకే మొదలైంది. అప్పుడు నేను ఈ గదిలోనే లేను."

పట్టుబడిపోయాననే అనుకున్నాను. నిజం చెబుతున్నాను నాన్నా, పట్టుబడితే బాగుండుననీ అనుకున్నాను. అతను లేచి వెళ్లి రిజిస్టరు చూశాడు. వేలు పెట్టి మూడు గంటల గడి చూశాడు. తిరిగి వచ్చి నెమ్మదిగా అన్నాడు, "కానీ మూడింటికి ఇరవై ఆరు పాయింట్ రెండు ఉందిగా. నువ్వు చూసి రాశావు. అయితే నేనే ఎక్కడో తప్పు కొలిచాను." నా చేతిలో కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో పడేశాడు.

నేను చూడలేదు నాన్నా.

బుధవారం మూడింటికి నాలుగు తొట్లు చూసి రాశాను. అయిదో దాని దగ్గరకు వెళ్లబోతుంటే గుమ్మం దగ్గరి కాపలాదారు మీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. కవరు మీద మీ రాత చూసి ఆగలేకపోయాను. మెట్ల మీద కూర్చుని చదివాను. మీరు రాసింది రిజిస్టరులోంచి చింపిన కాగితం మీద. ఆ ఎర్రగీతలు చూస్తే ఇంటి వసారాలో కూర్చున్నట్టే ఉంది. రెండుసార్లు చదివాను. ల్యాబు నడవాలోంచి మేడమ్ చెప్పుల చప్పుడు వినిపిస్తే ఉలిక్కిపడి లోపలికి వచ్చి, గుమ్మం పక్కనే నిలబడి మిగతా నాలుగు గడులు నింపేశాను. ఇరవై ఆరు పాయింట్ రెండు, ఒకటి, మూడు, రెండు. అబద్ధం రాస్తున్నానని కూడా అనిపించలేదు. చెయ్యి దానంతట అదే రాసింది.

గడియారం పరిగెత్తుకొచ్చిన క్షణంలోనే నాకు తెలుసు, ఇది నాదేనని. బుధవారం, గురువారం, శుక్రవారం నోరు మూసుకుని కూర్చున్నాను. భయం ఒకటి, సీటు ఒకటి. తప్పు అతనే ఒప్పుకున్నాడు కదా, మధ్యలో నేనెందుకు అని కూడా అనుకున్నాను. ఇంత నీచంగా ఆలోచించగలనని నాకు తెలియదు. మీకు తెలియాలనే రాస్తున్నాను.

గడియారం వెళ్లగానే బుట్టలోంచి ఆ కాగితం తీసి, మడతలు సాపు చేసి, మేడమ్ గదికి వెళ్లాను. ఆవిడ సీసాలకు అంటించే చీటీలు కత్తిరిస్తోంది. నిలబడే చెప్పాను. కత్తెర పక్కన పెట్టి, రిజిస్టరు తెప్పించి, నా నాలుగు అంకెలు చాలాసేపు చూసింది.

"కంగారులో రాసేవాళ్లు ఒకే అంకె నాలుగుసార్లు రాస్తారు. ఇవి చూడు, ఎంత నిజంలా ఉన్నాయో. ఇది అలవాటున్న చెయ్యి. ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇంట్లో" అన్నాను. ఆ తర్వాత ఆగలేదు, అంతా చెప్పేశాను. మీ పేరు చెప్పలేదు, మా నాన్న అని మాత్రం చెప్పాను. మోకాలు దెబ్బతిన్నాక ట్యాంకు నిచ్చెన నలభై రెండు మెట్లు ఎక్కి నీళ్ల మట్టం చూడటం మీవల్ల కాలేదని చెప్పాను. ఆదివారం రిజిస్టరు ఇంటికి వచ్చేదనీ, మంచం మీద బోర్లా పడుకుని వారం గడులన్నీ నేను నింపేదాన్ననీ చెప్పాను. "అన్నీ ఒకేలా రాయకే పెద్దదానా. నీళ్లు కదులుతాయి, అంకె కూడా కాస్త కదలాలి" అని మీరనేవారు. బాగా రాస్తే "మా ఇంజనీరమ్మ" అని తల నిమిరేవారు. నా చిన్నతనంలో నాకు అంతకంటే ఇష్టమైన పని లేదు.

మిమ్మల్ని దొంగను చేసి మాట్లాడలేదు. పంపు చప్పుడు విని ట్యాంకు సగం ఉందో నిండుగా ఉందో మీరు చెప్పేవారు, ఎన్నడూ తప్పలేదు, మన వీధుల్లో కుళాయి ఎన్నడూ ఎండలేదు. అదీ చెప్పాను. ఆవిడ విని, "అంటే ఆయన వినేవాడు. నువ్వు అది కూడా చెయ్యలేదు" అంది.

సోమవారం కమిటీ అయిపోయింది. పన్నెండింటికి ఆ మర ఎలా తిరిగిందో తేలలేదు, కానీ గడియారం ఉంటాడు. మూడు నెలలుగా నేను రాసిన అంకెలన్నిటి మీదా ఎర్రగీత కొట్టేశారు. ఆ ఒక్కరోజే అలా చేశానని ఎంత చెప్పినా, "నమ్మాలని ఉంది, కానీ ఎలా నమ్మను?" అంది మేడమ్. వాటి మీద ఆధారపడ్డ ఇద్దరు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. వాళ్లలో ఒకరు మా గదిలో అమ్మాయే, నాతో మాట్లాడటం మానేసింది. సీటు ఆశ లేదు. కావాలంటే వెళ్లిపోవచ్చు, ఉంటే తొట్లు కడుగుతూ ఉండొచ్చు, రిజిస్టరు మాత్రం ముట్టుకోకూడదు. ఉంటున్నాను. మామయ్యకు ఏం చెబుతారో మీరే చూసుకోండి. గడియారం నాతో ఒక్క మాటే అన్నాడు, "మూడు రోజులు నా చేతిని నేనే తిట్టుకున్నాను."

ఇక మీ ఉత్తరంలో చివరి మాట. ఇప్పుడు రిజిస్టరు చెల్లి నింపుతోందనీ, అన్నీ ఒకేలా రాసేస్తోందనీ, ఇంజనీరుగారు కళ్లద్దాలు సవరించుకుని మరీ చూశారనీ రాశారు. "నీ చేతివాటం దానికి రాలేదు, ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసి పంపు" అన్నారు. మెట్ల మీద కూర్చుని నేను రెండోసారి చదివి నవ్వుకున్నది ఆ మాటే. గర్వంగా కూడా ఉంది. అయిదో తొట్టి అప్పటికే వేడెక్కుతోంది.

నేర్పను నాన్నా. ఈ ఉత్తరం అందిన రోజునుంచి రిజిస్టరు దాని చేతికి ఇవ్వకండి. దాని అంకెలు ఇంకా మొద్దుగానే ఉన్నాయి, అలాగే ఉండనివ్వండి. నిచ్చెన ఎక్కలేని రోజు గడి ఖాళీగా వదిలేయండి. మెమో వస్తుంది, నాకు తెలుసు. రానివ్వండి. మట్టం చూసే గేజి కింద బిగించమని ఇంజనీరుగారికి అర్జీ పెట్టండి, రాతపని నేను చేస్తాను. నీళ్లలో క్రిములు చచ్చే మందు ఎంత కలిపారో రాసే గడి కూడా అప్పట్లో నేనే నింపేదాన్ని, గుర్తుందా? నీళ్ల మట్టం పంపు చప్పుడు చెబుతుంది. మందు సంగతి ఏ చప్పుడూ చెప్పదు. నాలుగు రోజులుగా నాకు నిద్రలో కూడా ఆ గడే కనిపిస్తోంది. ఆ మందు సరిగా కలుస్తోందో లేదో మాత్రం ఇవాళే వెళ్లి చూడండి.

మీకు కోపం వచ్చిందో, బాధ కలిగిందో, నేనిక్కడ మీ పరువు తీశానని అనిపించిందో నాకు తెలియదు. ఇదివరకైతే మీ జవాబు నేనే ఊహించుకునేదాన్ని. అందులో మీరు కాస్త తిట్టి, ఆఖర్న తల నిమిరేవారు. ఈసారి ఊహించుకోను. మీ ఉత్తరం వచ్చేదాకా మీ జవాబు ఉండాల్సిన గడి ఖాళీగానే ఉంచుతాను.

ఇట్లు,
తొట్లు కడిగే మీ పెద్దది