తిరిగే ఎర్ర బటన్

సోమవారం, భోజనాల వేళ

ప్రియమైన బిగింపు మేస్త్రి గారికి,

మీరు నమ్మరు గానీ, పోయిన గురువారం నుంచి మీరు రోజంతా నా పక్కనే ఉంటున్నారు. మా లాండ్రీవాళ్ళు ఇస్త్రీ రోలరుకి కొత్త బటన్ల పెట్టె తెప్పించి బిగించారు. దానిమీద 'నడుపు', 'ఆపు' అని చేత్తో రాసిన చీటీలు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. 'ఆ'కి అంత పొడుగు తోక లాగేది ఈ లోకంలో మీరొక్కరే. రెండు రోజుల రైలు ప్రయాణమంత దూరంలో మీరు చేసిన పెట్టె, వెతుక్కుంటూ నా దగ్గరికే వచ్చింది.

నాతోపాటు దుప్పటి రెండో కొస పట్టుకునే ఆవిడ ఉందే, నోరు మూయదని అందరూ రేడియో పిన్ని అంటారు, ఆవిడకి చూపించాను. "మొగుణ్ణి గోడకి బిగించి పెట్టుకున్నావు, ఇంకేం కావాలే నీకు" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఒక్క ఫిర్యాదు. ఇంట్లో సీసా మూత మీరు బిగిస్తే తీయడానికి నేను పక్కింటివాళ్ళని బతిమాలుకోవాలి. అలాంటి మీరు ఈ ఎర్ర బటన్ ఇంత వదులుగా ఎలా పెట్టారు? నొక్కితే రోలరు ఆగుతుంది, బాగానే ఉంది. మళ్ళీ పైకి రావడానికి తిప్పుతాం కదా, అప్పుడు కింది పసుపు పళ్ళెంతో సహా మొత్తం కుళాయిలా తిరిగిపోతోంది. పిన్ని దానికింద గ్లాసు పెట్టి నీళ్ళు పట్టుకుంటానంది. అందరం పడీ పడీ నవ్వాం.

వేళకి తినండి. కళ్ళజోడు మార్పించుకోండి.

మీ చేతిరాత పక్కన చెయ్యి పెట్టి పనిచేస్తున్న
మీ ఆవిడ


ఆదివారం

ప్రియమైన దుప్పట్ల దొరసానికి,

మీరంతా నవ్వారన్న చోటే చదవడం ఆపి ఇది రాయడం మొదలుపెట్టాను. ఫోను చేద్దామంటే ఇక్కడ ఉన్న ఒక్క ఫోనూ యజమాని బల్లమీద ఉంటుంది. ఆయన ముందు ఈ మాట నోట రాదు. ఎందుకో తర్వాత రాస్తాను. ముందు ఇది జాగ్రత్తగా చదువు.

ఆ బటన్ తిరగకూడదు. పైకి కనిపించే ఎర్ర తల వట్టి తలే. పెట్టె తలుపు వెనక దానికి ఒక చిన్న నల్ల డబ్బీ తగిలించి ఉంటుంది. రోలరుకి కరెంటు వెళ్ళేది ఆ డబ్బీలోంచే. తల నొక్కితే దాని కాలు డబ్బీని తోసి కరెంటు తెంపుతుంది. బటన్ మొత్తం తిరుగుతూ ఉంటే వెనక వైర్లు మెలిపడి ఆ డబ్బీని లాగుతాయి. అది ఊడిపడిందనుకో, తోయడానికి అక్కడ ఏమీ ఉండదు. నువ్వు నొక్కుతావు, తల లోపలికి వెళ్తుంది, అక్కడే పట్టుకుని ఉంటుంది, చూడ్డానికి అన్నీ సరిగ్గా ఉంటాయి. రోలరు మాత్రం ఆగదు.

ఊడితే తనంతట తనే కరెంటు తెంపే రకం డబ్బీలు బజారులో ఉన్నాయి. అవే కావాలన్నాను. యజమాని మామూలువే తెప్పించాడు.

రోజూ పొద్దున మొదటి దుప్పటి పెట్టకముందే ఎర్ర బటన్ నొక్కి చూడు. ఆగితేనే పని మొదలుపెట్టు. మీ సూపర్వైజరుకి చెప్పి తలుపు తెరిపించు. వెనక నట్టు బిగించి, డబ్బీ సరిగ్గా కూర్చుందో లేదో చూడమను. చేతి గాజులు తీసేసి పనిచెయ్యి.

ఇక్కడినుంచి ఏం చెయ్యాలో తోచని
నీ ఆయన


శుక్రవారం

ప్రియమైన మేస్త్రి గారికి,

మీ ఉత్తరం పట్టుకునే సూపర్వైజరు దగ్గరికి వెళ్ళాను.

"నొక్కితే ఆగుతోందా, లేదా?"

"ఆగుతోందండీ."

"మరి ఏడుపెందుకు?"

ఆయన ముందే నొక్కాను. ఠక్కున ఆగింది. ఆగనిరోజు గానీ ఆయన నమ్మడు, ఆ రోజు నమ్మి ఏం లాభం? పెట్టె తలుపుకి సీలు వేసి ఉంది. దాన్ని తెంపితే మీ వర్క్‌షాపు పూచీ పోతుందట. "చేసినవాళ్ళు రాసి పంపితే చూద్దాం" అన్నాడు. చేసినవాడు మా ఆయనేనండీ అన్నాను. "అయితే వర్క్‌షాపు కాగితం మీద సంతకం పెట్టి పంపమను. పెళ్ళానికి రాసిన ఉత్తరం చూసి నేను మిషను ఆపలేను" అన్నాడు. ఆ మాటా నిజమే.

రోలరు నోటి దగ్గర వేళ్ళకి అడ్డంగా ఒక కడ్డీ ఉండేది. దుప్పట్లు ఇరుక్కుంటున్నాయని అది ఎప్పుడో తీసి మూలన పడేశారు. కాబట్టి మాకు దిక్కు ఆ ఎర్ర బటనే.

రోజూ నొక్కుతున్నాను. ఇవాళ్టికి పన్నెండుసార్లు, పన్నెండుసార్లూ ఆగింది. నొక్కేముందు కళ్ళు మూసుకుంటున్నాను. "పొద్దున్నే మొగుడికి దణ్ణం పెట్టుకుంటోంది" అని పిన్ని అందరికీ చాటుతోంది. నాకు నవ్వు రావడం లేదు.

మీరు సంతకం పెట్టి ఒక్క కాగితం పంపితే అయిపోతుంది. ఎందుకు పంపలేదు? తర్వాత రాస్తానన్నది ఏమిటి?

ఎదురుచూస్తూ
మీ ఆవిడ


బుధవారం

ప్రియమైన నీకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

బటన్ మెడమీద ఒక చిన్న పన్ను ఉంటుంది. రేకులో గుండ్రటి కన్నం కొట్టి, ఆ పన్ను కూర్చోడానికి దాని అంచున ఒక గాడి తీయాలి. అప్పుడు బటన్ తిరగదు. ఆ వారం మా గాడి కొట్టే పరికరం విరిగింది. పన్నెండు పెట్టెలు మర్నాడు లారీ ఎక్కాలి. ఆకురాయితో రుద్ది గాడి తీయొచ్చు, కాకపోతే ఒక్కోదానికి పావుగంట పడుతుంది. నేను కటింగ్ ప్లయరు తీసుకుని పన్నెండు బటన్ల పన్నులూ తుంచేసి, గుండ్రటి కన్నాల్లో పెట్టి బిగించేశాను. ఎవరూ చెయ్యమనలేదు. ఎవరూ చూడలేదు. నట్టు గట్టిగా బిగిస్తే చాలులే, నా బిగింపు నాకు తెలియదా అనుకున్నాను.

పని వేళకి అయిందని యజమాని నన్ను పెద్ద మేస్త్రిని చేశాడు. చెబుదామని రెండుసార్లు ఆయన బల్ల ముందు నిలబడ్డాను. మొదటిసారి ఎవరికో నన్ను చూపించి "ఇతని చేతిలో తప్పు జరగదు" అంటున్నాడు. నీళ్ళు నమిలి వచ్చేశాను. రెండోసారి ఆర్డరు లెక్క చెప్పి వచ్చేశాను. ఇప్పుడు చేతిలో ఉన్న ఆర్డరు నెలాఖరుకి పూర్తవుతుంది. అది కాగానే చెప్పేస్తాను. నీమీద ఒట్టు.

ఇంకొకటి. రోజూ నొక్కి చూడమన్నాను కదా, అది మానెయ్. నొక్కిన ప్రతిసారీ తిప్పి వదలాలి, తిప్పిన ప్రతిసారీ వెనక వైరు ఇంకాస్త మెలిపడుతుంది. ఇంత చిన్న విషయం నాకు ముందు తట్టలేదు. నొక్కితే ఊడేలా ఉంది, నొక్కకపోతే ఊడిందో లేదో తెలియదు. నీకేం చెప్పాలో నాకు తెలియడం లేదు. గోడమీద మెయిన్ స్విచ్ పిడి ఎక్కడుందో చూసి పెట్టుకో. ఏదైనా అయితే దానిదగ్గరికే పరిగెత్తు.

ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు.

నీ ఆయన


మంగళవారం, ఆసుపత్రి వరండా

ప్రియమైన మీకు,

నాకేం కాలేదు. అది ముందు రాస్తున్నాను, మీరు కంగారుపడతారని.

మీ ఉత్తరం అందిన రోజే నొక్కడం మానేశాను. అప్పటికి ఇరవై తొమ్మిదిసార్లు నొక్కాను, తిప్పాను. మెయిన్ పిడి మా చోటికి పధ్నాలుగు అడుగుల దూరం. పాదం వెంట పాదం పెట్టి కొలిచాను. ఎందుకే అలా నడుస్తున్నావు అని పిన్ని అడిగితే ఊరికేనే అన్నాను.

మొన్న శనివారం మధ్యాహ్నం దుప్పటి అంచు మడతపడింది. సరిచేద్దామని పిన్ని చెయ్యి పెట్టింది, వేళ్ళు ఇరుక్కున్నాయి. నేను ఎర్ర బటన్ నొక్కాను. లోపలికి వెళ్ళింది. అక్కడే పట్టుకుంది. మీరు రాసినట్టే చూడ్డానికి అన్నీ సరిగ్గా ఉన్నాయి. తర్వాత పధ్నాలుగు అడుగులు పరిగెత్తాను.

కుడిచేతికి బొటనవేలు మిగిలింది.

పిన్ని మాట్లాడుతూనే ఉంది. నర్సు జడ గురించీ, పక్క మంచం ముసలాయన గురక గురించీ చెబుతోంది. చేతి సంగతి తప్ప అన్నీ చెబుతోంది. రేపటినుంచి దుప్పటి రెండో కొస ఎవరు పట్టుకుంటారే అని మాత్రం ఒకసారి అడిగింది.

సీలు తెంపి చూశారు. నల్ల డబ్బీ వైరుకి వేలాడుతోంది. "రోజూ తిప్పి తిప్పి ఊడగొట్టింది ఎవరు?" అన్నాడు సూపర్వైజరు. అందరూ నావైపు చూశారు. నిన్న విచారణకి ఒక అధికారి వచ్చాడు. "ఊడుతుందని నీకెలా తెలుసమ్మా?" అని అడిగాడు. రేపు చెబుతానన్నాను.

మీమీద చాలా కోపంగా ఉంది. కానీ మీ ఆఖరి ఉత్తరాన్ని తొమ్మిది రోజులు చీరల అడుగున దాచింది నేను. మీ ఉద్యోగం పోతుందని దాచాను. ఆ తొమ్మిది రోజులూ పిన్ని నా ఎదురుగా నిలబడి దుప్పటి పట్టుకుంది. ఒక్కసారి చదివి వినిపించి ఉంటే ఆవిడ అక్కడ నిలబడేది కాదు. మీరు యజమాని ముందు నీళ్ళు నమిలారు, నేను పిన్ని ముందు నమిలాను.

ఇవాళ పొద్దున మీ రెండు ఉత్తరాలూ తీసుకెళ్ళి ముందు ఆవిడకే చదివి వినిపించాను. పన్నులు తుంచేసిన చోట మొట్టమొదటిసారి మాట ఆపేసింది. ఆ కాగితం ఎడంచేత్తో తీసుకుని చూసి, "అక్షరాలు ముత్యాల్లా రాస్తాడే మీ ఆయన" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

అక్కడినుంచి వెళ్ళి రెండూ అధికారి చేతిలో పెట్టాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీ జవాబు వచ్చేసరికి పది రోజులు పడుతుంది.

మీ వర్క్‌షాపులో ఏమవుతుందో నాకు తెలియదు. ఇక్కడ నన్ను ఉంచుతారో లేదో అదీ తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే. మీరు తుంచింది పన్నెండు. ఇక్కడిది ఒకటి. మిగతా పదకొండు ఏ ఊళ్ళకి వెళ్ళాయో మీ దగ్గర చిరునామాలు ఉంటాయి. ఆ పదకొండింటి ముందూ ఎవరో ఒకరు నిలబడి, కుళాయిలా తిరుగుతోందని నవ్వుకుంటూ ఉంటారు. ఈ ఉత్తరం అందిన రోజే ఆ పదకొండు చోట్లకీ రాయండి. ఆ చక్కటి చేతిరాతతోనే రాయండి.

నాకు పన్నెండోది రాయండి.

మీ ఆవిడ