బుచ్చవ్వ విన్న కూత

నవాగామ్, సూరత్
సెప్టెంబరు, 1998

సౌభాగ్యవతి విజయశ్రీకి,

నీ అంబదాస్ దీవెనలతో రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ సిరిసిల్లలో నువ్వూ, మన చిన్నదీ, అత్తమ్మా, మామా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ ఉత్తరం అందింది. అందులో కబుర్ల కంటే ప్రశ్నలే ఎక్కువ. పరీక్ష రాసినట్టు వరసగా జవాబులు రాస్తాను. ఒక్కదానికి మాత్రం చివర్లో రాస్తాను, తొందరపెట్టకు.

అన్నం వేళకు తింటున్నాను. రెండు పూటలా నేనే వండుకుంటున్నానంటే నువ్వు నమ్మవు కాబట్టి నిజమే చెబుతాను. పొద్దున ఖిచిడీ నాది, సాయంత్రం జొన్నరొట్టె పక్కింటి బుచ్చవ్వది. ఆమె చీరలకు వేలాడే దారాలు కత్తిరించుకుంటూనే మన వాకిలి మీద ఓ కన్నేసి ఉంచుతుంది. నూనె డబ్బాలో నువ్వు పెట్టిన కరివేపాకు మొక్క బతికే ఉంది. నీ మీద కొంచెం అలిగినట్టుంది, అంతే.

ఇక కంప్యూటరు మొదలైందో లేదో తేల్చి రాయమన్నావు. తయారుగా అమ్మేది మనవల్ల కాదని, సామాన్లు విడివిడిగా తెచ్చి నేనే బిగించుకుంటానని నీకు ముందే చెప్పాను కదా. పోయిన ఏడు బతుకమ్మకు మన వాడకు వచ్చిన వరప్రసాద్ గారు, హజీరాలో ఇంజనీరు, ఏది ఎక్కడ తగిలించాలో బొమ్మ గీసి ఇచ్చారు. మదర్‌బోర్డు అంటే ఏమిటని అడిగావు. పళ్లెమంత పచ్చ పలక. ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, తెర అన్నీ దానికే తగిలించాలి. అది లేవకపోతే ఇంట్లో ఏదీ లేవదు. దానికి తల్లి పేరు ఎందుకు పెట్టారో నీకు నేను చెప్పాలా?

మా కార్ఖానా సేఠ్ మాట నీకు గుర్తుందిగా. దీపావళి లోపల కంప్యూటరు మీద గీసిన చీర అంచు ఒకటి చూపిస్తే నన్ను మరమగ్గాల నుంచి, ఈ సాంచాల మోత నుంచి తీసి డిజైన్ పనిలో పెడతానన్నాడు. అందుకే అంత ఆత్రం. నాతో సాంచాలు నడిపే ఆగయ్యను పిలిచి, మగ్గానికి చేసినట్టే పలకకు బొట్టు పెట్టబోయాను. "తడి తగుల్తది అన్నా" అని వాడు ఆపితే, ఆ బొట్టేదో కంప్యూటరు డబ్బాకే పెట్టాను. అన్నీ బిగించి స్విచ్ నొక్కాం. ఫ్యాను తిరిగింది, దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

తెర తీగ పీకి మళ్లీ పెట్టాం. ప్రాసెసరు తీసి తిరిగి కూర్చోబెట్టాం. డిస్కు, ఫ్లాపీ తీగలు తప్పించి చూశాం. పలక మీది చిన్న బ్యాటరీని కాసేపు తీసి పెట్టాం. ఎంత చేసినా తెర మీద ఒక్క అక్షరం రాలేదు. ఎస్టీడీ బూత్ నుంచి వరప్రసాద్ గారికి ఫోన్ చేశాను.

"ఆన్ చేయగానే డబ్బాలోంచి ఏమైనా కూత వస్తోందాండీ? అందులో చిన్న స్పీకరు ఉంటుంది, ఏదైనా తేడా ఉంటే అదే అరిచి చెబుతుంది."

"సప్పుడే లేదు సార్."

"పక్కన ఇంకెవరైనా ఉంటే వాళ్లనీ వినమనండి ఓసారి."

ఇంటికొచ్చి ఆగయ్యను అడిగాను. వాడు చెవి డబ్బాకు ఆనించి కళ్లు మూసుకుని విని, "ఏం ఇనవస్తలేదు అన్నా" అన్నాడు. మళ్లీ బూత్‌కు పోయి ఆ మాటే సారుకు చెప్పాను. "కూత కూడా లేదంటే మదర్‌బోర్డు పోయినట్టేనండీ, మార్చుకోండి" అన్నారాయన. పలకను తువ్వాలలో చుట్టుకుని దుకాణానికి పోతే, అక్కడివాడు "మాల్ బరాబర్ హై, తుమ్‌నే బిగాడా" అని, సరుకు మంచిదే, పాడుచేసింది నేనేనని చేతులు దులుపుకున్నాడు. పలకను మళ్లీ చుట్టుకుని తిరిగొచ్చాను విజయా. ఇక సాంచాలే గతి అనుకున్నాను.

అయినా మనసొప్పక, మర్నాడు అన్నీ మళ్లీ బిగించి స్విచ్ వేశాం. ఇద్దరం నల్లని తెర ముందు గడ్డాల కింద చేతులు పెట్టుకుని కూర్చున్నాం. అప్పుడే బుచ్చవ్వ రొట్టెలు పట్టుకుని వచ్చింది.

"ఏందిరా అంబదాసూ, ఆ డబ్బా గట్ల ఏడుస్తుంటే ఇద్దరు గుడ్లప్పగించి సూస్తున్రు?"

"ఏడుసుడేంది అవ్వా?"

"నీకు ఇనవడ్తలేదా? కూ… అంటది, జర ఆగుతది, మల్ల కూ… అంటది. పసిపోరి ఆకలికి ఏడ్సినట్టు."

నేనూ ఆగయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మీసాలు రాకముందు నుంచీ సాంచాల మధ్య నిలబడ్డవాళ్లం. కార్ఖానా మోతలో పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకునేవాళ్లం. మా చెవులను సాక్ష్యానికి పిలవడమే తప్పని ఇద్దరికీ తట్టలేదు. ఆ డబ్బా పాపం మొదటిరోజు నుంచీ అరుస్తూనే ఉందట. ఆగయ్య పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను కానీ, నాకైనా ముందే తట్టాల్సింది, ఎందుకో చివర్లో రాస్తాను.

బుచ్చవ్వను వెంటబెట్టుకుని బూత్‌కు పోయాను. ఆమె రిసీవరు రెండు చేతులా పట్టుకుని, "సారూ, గిట్ల అంటది" అని కొంగు సర్దుకుని "కూ…" అని సాగదీసింది. బూత్ ముందు నిలబడ్డ గుజరాతీ ఆడవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. వరప్రసాద్ గారి నవ్వు నాకు కూడా వినిపించింది.

"బోర్డు బతికే ఉందండీ! ఆ కూతకు అర్థం ర్యామ్ సరిగ్గా కూర్చోలేదని. తీసి, రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి. పక్కనున్న కొక్కేలు వాటంతట అవే లేచి పట్టుకోవాలి."

ర్యామ్ అంటే దువ్వెనంత పట్టీ. మిగతావన్నీ పీకి పెట్టాను కానీ దాని జోలికి పోలేదు, ఎందుకంటే అన్నిటికంటే జాగ్రత్తగా పెట్టింది దాన్నే. తెగబోయే పోగును ముట్టినట్టు మెల్లగా ఆనించి వదిలేశాను. చేతికి అలవాటైన పని అదే కదా. ఈసారి పళ్లు బిగించి నొక్కితే కొక్కేలు లేచి పట్టుకున్నాయి. స్విచ్ వేశాను. "ఒక్కపారి కూసి ఊకున్నదిరా" అంది బుచ్చవ్వ. తెర మీద తెల్లని అక్షరాలు బిలబిలమంటూ వచ్చాయి. ఆగయ్య నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

వాళ్లు వెళ్లాక ఆ చిన్న స్పీకరు మీద వేలు పెట్టి, కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. చెవికి అందని కూత వేలికి సన్నగా వణికింది. ఆ వణుకు కోసమే ఇంకో నాలుగుసార్లు ఆపి వేశాను.

విజయా, దాచింది ఇప్పుడు చెబుతాను. నువ్వు కడుపుతో ఉన్నప్పుడు ఉధ్నాలో చెవుల డాక్టరు దగ్గరికి పోయాను. సన్నని శబ్దాలు పోయాయని, ఇక రావని, సాంచాల మధ్యే ఉంటే మిగిలింది కూడా పోతుందని చెప్పాడు. నీకు చెబితే ఆ స్థితిలో బెంగపెట్టుకుంటావని ఊరుకున్నాను. కంప్యూటరు కొన్నది డిజైన్ల మీద ఇష్టంతో అన్న మాట అబద్ధం కాదు. కానీ అసలు సంగతి, మన బిడ్డ మాటలు నేర్చే నాటికి నాకు కాస్త చెవి మిగలాలని.

ఇంకొకటి. పురుడు తీరిన రోజున నువ్వు బూత్‌కు ఫోన్ చేసి, రిసీవరు పాప నోటి దగ్గర పెట్టి, "ఇనవడ్డదా?" అని అడిగావు. "మంచిగ ఇనవడ్డది" అన్నాను. వినపడలేదు విజయా. బరబరమనే లైను శబ్దం ఒక్కటే వినిపించింది. నువ్వు అంత సంబరంగా అడిగితే లేదనలేకపోయాను. ఆ రోజు దారి పొడవునా ఏడుస్తూ నడిచొచ్చాను. అందుకే, పాప ఏడుపు నీ తీరా నా తీరా అన్న నీ ప్రశ్నకు ఇంతవరకూ జవాబు రాయలేదు.

సేఠ్‌కు చూపించాల్సిన అంచు గీయడం మొదలుపెట్టాను, దిగులుపడకు. మీరు వచ్చాక చీర ఉయ్యాల నా పక్కనే కట్టు. దానికి ఒక పోగు ముడివేసి, ఆ కొస నా మణికట్టుకు కట్టు. పాప కాలు ఆడించగానే లేస్తాను, నువ్వు నిద్రపో. దారంతో వచ్చే కబురు నాకు ఎప్పుడూ తప్పిపోదు.

అప్పటిదాకా ఒక్క పని చేసిపెట్టు. ఈసారి ఉత్తరంలో పాప ఎట్లా ఏడుస్తుందో రాయి. ఎక్కడ మొదలుపెడుతుంది, ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది, నిన్ను చూడగానే ఎట్లా ఆపుతుంది, అంతా రాయి. బుచ్చవ్వ దగ్గర కూర్చుని చదివి వినిపిస్తాను. ఆమె పాప లాగా ఏడ్చి చూపిస్తుంది, నేను ఆమె గొంతు మీద వేలు పెట్టుకుని వింటాను.

ఇట్లు,
మన బిడ్డకు బాపు, నీకు పెనిమిటి,
అంబదాస్